వెడల్పు పాళీతో తొలి మూడు నెలలు: ఇంట్లోనే కాలిగ్రఫీ నేర్చుకోవడం ఎలా?

కాలిగ్రఫీ నేర్చుకుందామని ఫోను చేతిలోకి తీసుకున్నవారికి పాఠాల కొరత ఉండదు. ఇబ్బందల్లా వాటి రద్దీతోనే. ఒక గంట వెతికితే చాలు, కుంచెపెన్నుతో శుభాకాంక్షల కార్డులు రాసేవారు, మొన పాళీని నొక్కి వదులుతూ కాపర్‌ప్లేట్ రాసేవారు, చదునైన మొన ఉన్న వెడల్పు పాళీతో గోథిక్ రాసేవారు ఒకరి తర్వాత ఒకరు కనిపిస్తారు. ఇవన్నీ కాలిగ్రఫీయే అయినా వీటికి కావలసిన కలాలు వేరు, చేతి కదలిక వేరు, చివరికి కాగితం కూడా వేరు. వారానికొకటి చొప్పున అన్నింటినీ రుచి చూసినవారి దగ్గర ఆరు నెలలకు ఐదారు రకాల పెన్నులు ఉంటాయి గాని, మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా రాయగలిగిన అక్షరమాల ఒక్కటీ ఉండదు. నేను ఒక ఏడాది పాటు అలాగే గడిపాను. అందుకే ఇక్కడ ఒకే దారి చెబుతున్నాను: ఒక కలం, ఒక రాత, ఒక నమూనా, రెండు నెలలు. మూడో నెలలో అదే తరహా కలంతో తెలుగు అక్షరాల దగ్గరకు వద్దాం.

ఏ రాతతో మొదలుపెట్టాలి

వెడల్పు పాళీతో రాసే ‘ఫౌండేషనల్ హ్యాండ్’ అనే గుండ్రటి రోమన్ రాతతో మొదలుపెట్టమని నా సలహా. దీనిని రూపొందించినవారు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ (1872–1944). 10వ శతాబ్దం చివరలో ఇంగ్లండ్‌లో చేతితో రాసిన ఒక కీర్తనల గ్రంథాన్ని ఆయన లోతుగా పరిశీలించి, అందులోని అక్షరాలను కొత్తవారికి నేర్పడానికి అనువుగా సరళం చేశారు. రామ్సీ సాల్టర్ అని పిలిచే ఆ గ్రంథం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ‘హార్లే 2904’ అనే సంఖ్యతో ఉంది. 1899లో లండన్‌లో బోధన మొదలుపెట్టిన జాన్‌స్టన్ తన పద్ధతిని 1906లో పుస్తకంగా అచ్చు వేశారు. లండన్ భూగర్భ రైళ్ల సూచికల మీద కనిపించే అక్షరాల తొలి రూపం కూడా ఆయనదే. అది 1916 నాటిది.

ఈ రాతను ఎంచుకోవడానికి కారణం దాని చరిత్ర ఒక్కటే కాదు. ఇందులో పాళీ కోణం దాదాపు ఎక్కడా మారదు, అక్షరాలు చాలావరకు ఒకే వలయం నుంచి పుడతాయి, వాలు ఉండదు. అంటే మీరు ఏకకాలంలో గమనించవలసినవి తక్కువ. పైగా వలయాన్ని చదునైన పాళీతో ఎలా గీయాలో తెలిస్తే, గుండ్రదనమే ప్రాణంగా ఉన్న మన లిపికి అది నేరుగా పనికొస్తుంది.

నేరుగా తెలుగుతోనే ఎందుకు మొదలుపెట్టకూడదన్న ప్రశ్న న్యాయమైనదే. మన పూర్వుల రాత ఎక్కువగా తాటాకు మీద గంటంతో సాగింది. గంటం ఆకును గీరుతుంది. ఆ గీరిన చోట మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. అలా గీరిన గీతకు మొదటినుంచి చివరిదాకా ఒకే మందం ఉంటుంది. వెడల్పు పాళీ ఇచ్చే లావు, సన్నాల తేడాకు అక్కడ చోటు లేదు. కనుక తెలుగు అక్షరాన్ని ఏ కోణంలో, ఎన్ని విరుపులలో రాయాలో చెప్పే స్థిరపడిన పద్ధతి రోమన్ రాతకు ఉన్నంతగా మనకు లేదు, అంకెలు వేసి గీతల క్రమం చూపించే నమూనాలూ అంత సులువుగా దొరకవు. నియమాలు స్థిరపడిన రాత మీద చేతిని తీర్చుకొని, ఆ తర్వాత నియమాలను మనమే ఏర్పరచుకోవలసిన చోటికి రావడం తేలిక.

కలం, సిరా, కాగితం

ఆన్‌లైన్ దుకాణాలలో పైలట్ కంపెనీ ‘ప్యారలల్ పెన్’ దొరుకుతుంది. ఇందులో 1.5, 2.4, 3.8, 6.0 మిల్లీమీటర్లు ప్రధానమైన కొలతలు. మొదటి కలంగా 3.8 తీసుకోండి. అక్షరం పెద్దదిగా వస్తుంది, తప్పు కళ్ళకు కనిపిస్తుంది. సన్నని పాళీతో మొదలుపెడితే తప్పులు అక్షరంలోనే దాక్కుంటాయి, మీరు బాగా రాస్తున్నానని పొరబడతారు.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలనుకుంటే రెండు పెన్సిళ్లను పక్కపక్కన పెట్టి, పైనా కిందా రబ్బరు బ్యాండ్లు బిగించండి. రెండు మొనలూ కాగితానికి ఒకేసారి తగలాలి. మామూలు పెన్సిళ్లయితే మొనల మధ్య దూరం సుమారు 7 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే మీ పాళీ వెడల్పు. ఈ జంట పెన్సిలు అక్షరం రెండు అంచులనూ విడివిడిగా గీస్తుంది కాబట్టి లావు ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడుతోందో అద్దంలో చూసినట్లు కనిపిస్తుంది. పెన్ను కొన్నవారు కూడా మొదటి వారం దీనితో రాయడం మంచిదని నా నమ్మకం.

మూడో మార్గం వెదురు కలం. బాగా ఎండిన, పెన్సిలంత లావున్న వెదురు పుల్ల చివరను ఏటవాలుగా కోసి, లోపలి మెత్తని భాగాన్ని గీకేసి, మొనను నిలువుగా ఒకే దెబ్బతో చదునుగా కత్తిరించాలి. ఆ తర్వాత మొన మధ్యలో ఒక సన్నని చీలిక ఇస్తే సిరా దాని గుండా దిగుతుంది. మొనను చెక్క మీద ఆనించి కోయండి, బ్లేడును ఎప్పుడూ వేళ్ల వైపు లాగకండి.

సిరా విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. ఫౌంటెన్ పెన్నులకు అమ్మే సిరానే ప్యారలల్ పెన్నులో పోయాలి. ఇండియన్ ఇంక్ పేరుతో అమ్మే చిక్కటి నల్ల సిరాలో లక్క వంటి బంక ఉంటుంది. అది లోపల ఎండితే పెన్ను పనికిరాకుండా పోతుంది. వెదురు కలానికి, ముంచి రాసే పాళీకి మాత్రం అది చక్కగా సరిపోతుంది, పని కాగానే కడిగేస్తే చాలు. కాగితం 90 నుంచి 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) ఉన్నది తీసుకోండి. జిరాక్సు దుకాణాలలో వాడే 75 జీఎస్ఎం కాగితం మీద వెడల్పు పాళీ సిరా చాలాసార్లు పాకుతుంది, అప్పుడు అంచు చెదిరింది చేతి వల్లనా కాగితం వల్లనా అన్నది తేలదు.

నమూనాను వెతకడం

వీడియో కంటే ముందు సంపాదించవలసింది నమూనా పుట. అక్షరమాల మొత్తాన్ని ఒకే చేతితో రాసి, ప్రతి అక్షరం పక్కన గీతల క్రమాన్ని అంకెలతో, బాణాలతో చూపిన పుటను ‘ఎగ్జెంప్లర్’ అంటారు. ఆ గీతల క్రమాన్ని ‘డక్టస్’ అంటారు. ‘ఫౌండేషనల్ హ్యాండ్ ఎగ్జెంప్లర్’, ‘ఫౌండేషనల్ హ్యాండ్ డక్టస్’ అన్న మాటలను ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి వెతకండి. ఉత్త ‘కాలిగ్రఫీ’ అని వెతికితే కంప్యూటరు ఫాంట్లు, స్టిక్కర్లు, కుంచెపెన్ను ప్రకటనలు ముందుకొస్తాయి.

జాన్‌స్టన్ 1906 నాటి పుస్తకం స్కాన్ ప్రతి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. దాని ఇంగ్లీషు కొంచెం పాతది, కాని పాళీ కోయడం గురించి, గీతల గురించి ఉన్న బొమ్మలు ఈనాటికీ స్పష్టంగా ఉన్నాయి. ఆయన శిష్యులు 1921లో లండన్‌లో ‘సొసైటీ ఆఫ్ స్క్రైబ్స్ అండ్ ఇల్యూమినేటర్స్’ను స్థాపించారు, ఆ సంస్థ వెబ్‌సైటులో సభ్యుల పని చూడవచ్చు, కన్ను తీరడానికి అది ఉపయోగపడుతుంది. మొన పాళీ రాతలకు సంబంధించి అమెరికాలో 1949లో మొదలైన ‘ఐయామ్‌పెత్’ అనే సంఘం వెబ్‌సైటులో పాత దస్తూరీ పుస్తకాలు, పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, అయితే ఈ మూడు నెలలూ దాని జోలికి వెళ్లకండి.

దేవనాగరి కాలిగ్రఫీ వీడియోలు కూడా మీకు కనిపిస్తాయి. ముంబైకి చెందిన అచ్యుత్ పాలవ్ వంటి నిపుణుల పని చూసి ఆనందించవలసిందే. కాని దేవనాగరిలో లావు, సన్నాల దిశ రోమన్ రాతకు ఎదురుగా ఉంటుంది కనుక కలం మొనను కూడా ఎదురు వాలుగా కోస్తారు. ఈ రెండింటినీ మొదట్లోనే కలిపి నేర్చుకుంటే చేయి దేనికీ స్థిరపడదు.

నమూనాను ముద్రించుకునేటప్పుడు జరిగే ఒక పొరపాటును వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానివల్ల నేను రెండు వారాల సాధన పోగొట్టుకున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే గీతల పుటలలో చాలావరకు అమెరికా లెటర్ సైజులో ఉంటాయి; దాని వెడల్పు 216 మిల్లీమీటర్లు, మన ఏ4 వెడల్పు 210. ‘ఫిట్ టు పేజ్’ అన్న ఎంపికతో ముద్రిస్తే ప్రింటరు బొమ్మను కుదించేస్తుంది. నా పుట మీద 15.2 మిల్లీమీటర్లు ఉండవలసిన అక్షరం ఎత్తును స్కేలుతో కొలిస్తే 14 దగ్గర ఆగింది. పాళీ అదే, ఎత్తు తగ్గింది, కనుక అక్షరాలు నలిగినట్లు వస్తుంటే నా చేతినే తప్పుపట్టుకున్నాను. అందుచేత ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం అన్న ఎంపికతోనే ముద్రించి, రాయడానికి ముందు ఒక వరుసను స్కేలుతో కొలిచి చూడండి. అమెరికాలో ఉన్న తెలుగువారు ఏ4 పుటలను ముద్రించేటప్పుడు ఇదే జాగ్రత్త తీసుకోవాలి.

గీతలు, కోణం

అక్షరం ఎత్తును మిల్లీమీటర్లలో కాక పాళీ వెడల్పులలో లెక్కిస్తారు. ఫౌండేషనల్ రాతకు అక్షరం ఒంటి ఎత్తు, అంటే కొమ్ములూ కాళ్లూ కలపని ఎత్తు, 4 పాళీలు. కలాన్ని అడ్డంగా తిప్పి, ఒకదానిపై ఒకటి మెట్లలా నాలుగు చిన్న చదరాలు వేస్తే ఆ ఎత్తు తెలుస్తుంది. పైకి లేచే కొమ్ములకు 3 పాళీలు, కిందికి దిగే కాళ్లకు 3 పాళీలు ఉంచండి. 3.8 పాళీతో ఒంటి ఎత్తు 15.2 మిల్లీమీటర్లు, మొత్తం వరుస 38 మిల్లీమీటర్లు అవుతుంది, ఏ4 కాగితానికి ఏడు వరుసలు పడతాయి. బడిలో నాలుగు గీతల పుస్తకంలో రాసినవారికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. గీతలను మొదటి నెల చేతితోనే గీయండి, ఆ లెక్క తలకెక్కుతుంది.

ఇక ఈ రాతకంతటికీ మూలమైన విషయం కోణం. పాళీ అంచు వరుస గీతతో 30 డిగ్రీల కోణం చేయాలి. జామెట్రీ బాక్సులోని కోణమానినితో కాగితం ఎడమ అంచున 30 డిగ్రీల గీత ఒకటి గీసి ఉంచుకోండి, ప్రతి వరుస మొదట పాళీని దాని మీద ఆనించి చూసుకోండి. ఇక్కడ కోణం అంటే పాళీ అంచుది, కలం కాడ వాలు కాదు. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఈ తేడా దగ్గరే.

కోణం సరిగ్గా ఉందో లేదో గీతే చెబుతుంది. 30 డిగ్రీల దగ్గర నిలువు గీత పాళీ వెడల్పులో సుమారు 87 శాతం, అడ్డ గీత సరిగ్గా సగం వస్తాయి. 3.8 పాళీతో నిలువు గీత 3.3 మిల్లీమీటర్లు, అడ్డ గీత 1.9 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక కూడిక గుర్తు వేసి, స్కేలుతో కొలవండి. రెండు గీతలూ ఒకే మందంతో వచ్చాయంటే మీ కోణం 45కు చేరింది. అడ్డ గీత మరీ సన్నగా వచ్చిందంటే కోణం 30 కంటే తగ్గిపోయింది. ఎవరినీ అడగనక్కరలేని పరీక్ష ఇది, రోజూ మొదటి రెండు నిమిషాలు దీనికి ఇవ్వండి.

మొదటి వారమంతా అక్షరాలు రాయకండి. నిలువు గీతలు, అడ్డ గీతలు, ఏటవాలు గీతలు, చివరగా వలయాలు. వలయాన్ని ఒకే ఊపులో తిప్పకూడదు. గడియారపు ముఖాన్ని ఊహించుకొని, 11 అంకె దగ్గర మొదలుపెట్టి ఎడమ వైపుగా 5 అంకె దాకా ఒక లాగు లాగండి. మళ్లీ 11 దగ్గరికొచ్చి కుడి వైపుగా 5 దాకా రెండో లాగు లాగి కలపండి. 30 డిగ్రీల పాళీకి ఆ రెండు చోట్లే గీత వెంట్రుకలా సన్నబడుతుంది, కాబట్టి అతుకు కనిపించదు. ఈ రెండు లాగులూ కుదిరితే ఇంగ్లీషు ‘ఓ’ వచ్చినట్లే.

అక్షరాల వరుస

ఏ నుంచి జెడ్ దాకా వరుసగా రాయడం సాధనకు పనికిరాదు. వలయం నుంచి పుట్టేవి ముందు: ఓ, సి, ఇ, డి, క్యూ, బి, పి. ఆ తర్వాత కమాను నుంచి పుట్టేవి: ఎన్, ఎమ్, హెచ్, ఆర్, తిరగేసిన కమానైన యు. ఆ వెనుక ఐ, ఎల్, టి, జె. ఏటవాలు గీతలవైన వి, డబ్ల్యు, ఎక్స్, వై, కె, జెడ్ తర్వాత. చివరగా కష్టమైనవి: ఏ, జి, ఎస్, ఎఫ్. వారానికొక గుంపు చాలు. పెద్ద అక్షరాలను రెండో నెల చివరిదాకా ఆపవచ్చు.

ఒక గుంపు కుదరగానే పదాలు రాయండి. ఎడం అనేది పదంలోనే తెలుస్తుంది. రెండు నిలువు గీతల మధ్య ఉన్న తెల్లని ఖాళీ, ‘ఎన్’ అక్షరం లోపలి ఖాళీతో ఇంచుమించు సమంగా ఉండాలి. వలయాలు రెండు పక్కపక్కన వస్తే ఇంకా దగ్గరకు రావాలి. ఖాళీని కొలవకండి, కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడండి. చదవడం ఆగిపోయి, నలుపూ తెలుపూ మాత్రమే కంటికి కనబడతాయి, కిక్కిరిసిన చోటు వెంటనే పట్టుబడుతుంది.

రోజుకు అరగంట సరిపోతుంది. ఆదివారం నాడు మూడు గంటలు కూర్చోవడం కంటే ఇది మేలు, ఎందుకంటే గంట దాటితే వేళ్లు బిగుసుకొని కోణం జారుతుంది. చెక్క పలకను పుస్తకాల మీద ఆనించి కొంచెం ఏటవాలుగా పెట్టుకుంటే మెడకు, మణికట్టుకు హాయి. ఎడమచేతి వాటం ఉన్నవారు కాగితాన్ని కుడి వైపు కిందికి వాలేలా తిప్పి, ముంజేయిని వరుస కిందనే ఉంచి రాస్తే తడి సిరా చెదరదు; ఎడమచేతి వారికోసం ఏటవాలుగా కోసిన పాళీలు కూడా దొరుకుతాయి.

వీడియోను చూసే పద్ధతి

చేతి పైనుంచి తీసిన వీడియోనే ఎంచుకోండి. పక్కనుంచి తీసినదానిలో కోణం తప్పుగా కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండులో పాట పెట్టి, వేగం పెంచిన చిన్న వీడియోలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గాని, వాటి నుంచి నేర్చుకోగలిగింది తక్కువ. నిజమైన రాత చాలా నెమ్మదిగా సాగుతుంది, 3.8 పాళీతో ఒక్క అక్షరానికి ఐదారు సెకన్లు పట్టడం మామూలే. కలం ఎక్కడ ఎత్తారు, ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు అన్నది నోటితో చెబుతూ రాసే గురువు దొరికితే ఆ ఒక్కరి దగ్గరే ఉండండి.

యూట్యూబులో వేగాన్ని 0.5కి, అవసరమైతే 0.25కి తగ్గించండి. ఒక అక్షరం చూసి, వీడియో ఆపి, ఆ అక్షరం పది సార్లు రాసి, మళ్లీ అదే భాగం చూడండి. రెండోసారి చూసినప్పుడు మొదటిసారి కనిపించనివి కనిపిస్తాయి, ఎందుకంటే ఇప్పుడు మీ చేతికి ఒక సందేహం ఉంది. పది నిమిషాల వీడియోకు గంట సాధన పడితేనే ఆ పాఠం మీదైనట్లు. తర్వాతి వీడియో దానంతట అదే మొదలయ్యే ‘ఆటోప్లే’ను ఆపేయండి.

మీ తప్పులను మీరే పట్టుకోవడానికి ట్రేసింగ్ పేపరు మంచి సాధనం. నమూనా అక్షరం మీద ట్రేసింగ్ పేపరు పెట్టి మధ్య గీతను పెన్సిలుతో తీసి, దానిని మీ అక్షరం మీద పరచి చూడండి. కమాను ఎక్కడ విడిపోయిందో, వలయం ఎక్కడ కోడిగుడ్డులా సాగిందో తేలిపోతుంది. ఇతరుల అభిప్రాయం కావాలంటే రెడ్డిట్‌లోని కాలిగ్రఫీ సమూహంలో పెట్టవచ్చు, అయితే ఫోటో నిటారుగా పైనుంచి తీసి, పాళీ కొలత, గీతల ఎత్తు రాసి, ఒకే ప్రశ్న అడగండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అన్న జవాబే వస్తుంది. ‘ఎన్ అక్షరం కమాను మరీ కిందినుంచి మొదలవుతోందా?’ అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

తెలుగులోకి

మూడో నెలలో తెలుగుకు రండి. ముందుగా నమూనా కోసం గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మల్లన్న, సురవరం, పెద్దన, గిడుగు, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లలో మీకు నచ్చిన ఒకదానిని పెద్ద అక్షరాలలో ముద్రించుకోండి. వాటి మందాన్ని అనుకరించకండి, అది తెర మీదా అచ్చులోనూ చదవడానికి కుదిర్చిన మందం. అక్షరం అస్థిపంజరాన్ని, అంటే మధ్య గీతను మాత్రమే వాటి నుంచి తీసుకోండి. చాలామంది బాపు అక్షరాలతో మొదలుపెట్టాలని ఆశపడతారు. ఆ ప్రేమ నాకూ ఉంది. కాని బాపు అక్షరం వెనుక జీవితకాలం బొమ్మలు గీసిన చేయి ఉంది. పాళీ కోణం వల్ల కాక చిత్రకారుడి నిర్ణయం వల్ల వచ్చిన లావు, సన్నాలు ఉన్నాయి. కోణం చేతికి పట్టిన తర్వాత వాటిని చూస్తే వాటిలోని సాహసం ఇంకా బాగా అర్థమవుతుంది.

తెలుగులో మొదటి మార్పు ఎత్తు. ‘వ’ అక్షరాన్ని 4 పాళీల ఎత్తులో రాసి చూడండి. దాని ఎడమ వైపున్న చిన్న సున్నకు రెండు పక్కలా గీతలకు ఒక్కో పాళీ, మధ్యలో కనీసం ఒక పాళీ తెలుపు కావాలి, అంటే ఆ సున్నకే మూడు పాళీలు ఖర్చయిపోతాయి. చోటు చాలక అది సిరాతో పూడిపోతుంది, ‘వ’కూ ‘ప’కూ తేడా చెరిగిపోతుంది. ‘ఋ’, ‘ఘ’, ‘ఝ’ల సంగతి చెప్పనే అక్కరలేదు. అందుకని సన్నని 2.4 పాళీ తీసుకొని, అక్షరం ఒంటికి 6 పాళీలు ఇవ్వండి. తలకట్టుకు, గుడికి పైన 3 పాళీలు, ఒత్తులకు కింద 4 పాళీలు ఉంచుతాను నేను. మొత్తం 13 పాళీలు, అంటే ఒక్కో వరుసకు 31.2 మిల్లీమీటర్లు. ‘స్త్రీ’ వంటి మాటలో రెండు ఒత్తులు కలిసినప్పుడు ఈ చోటు ఎందుకు అవసరమో తెలుస్తుంది.

రెండో విషయం తలకట్టు, దీని దగ్గర కొంచెం సేపు ఆగాలి. తలకట్టులో రెండు గీతలు ఉన్నాయి: ఎడమ నుంచి కిందికి దిగే పొట్టి గీత, అక్కడి నుంచి కుడి వైపు పైకి లేచే పొడుగు గీత. 30 డిగ్రీల పాళీతో రాస్తే పొట్టి గీత దాదాపు పాళీ నిండా లావుగా వస్తుంది, పొడుగు గీత సన్నబడుతుంది. ఆ పొడుగు గీతను 45 డిగ్రీల వాలులో లేపితే 2.4 పాళీకి దాని మందం సుమారు 0.6 మిల్లీమీటరు. ఇంకొంచెం నిటారుగా, 60 డిగ్రీలకు లేపితే 1.2 మిల్లీమీటర్లు, అంటే రెండింతలు. పాళీని ఏమాత్రం తిప్పకుండా, గీత వాలును మార్చడం ద్వారానే తలకట్టు బరువును మీరు నిర్ణయించవచ్చు. సన్నని తలకట్టుతో పంక్తి తేలికగా, గాలి ఆడినట్లు కనిపిస్తుంది. బరువైన తలకట్టుతో గట్టిగా, పెద్దమనిషి తరహాగా ఉంటుంది. ఏది ఎంచుకున్నా పుటంతా దానినే పాటించాలి. మరొక మాట: వెదురు కలంతోగాని, ముంచి రాసే పాళీతోగాని ఈ పొడుగు గీతను కింది నుంచి పైకి తోస్తే మొన కాగితంలో దిగబడి సిరా చింది పడుతుంది. మనం పలక మీద నేర్చుకున్న అలవాటుకు విరుద్ధమైనా, పొడుగు గీతను పై నుంచి కిందికి లాగి పొట్టి గీతతో కలపండి.

సాధనకు తెలుగులోనూ గుంపులు కట్టండి. ‘ర’తో మొదలుపెట్టండి. దాని వలయం మీరు ముందే నేర్చుకున్న రెండు లాగుల వలయమే; దాని నడుమ చుక్క పెడితే ‘ఠ’. తర్వాత ‘ప’, ‘ష’, ‘ఫ’ ఒక గుంపు. ‘వ’, ‘మ’ ఒక గుంపు. ‘ద’, ‘ధ’, ‘థ’ ఒక గుంపు. ‘ఖ’, ‘జ’, ‘ట’, ‘ణ’, ‘బ’, ‘ల’ అక్షరాలకు విడిగా తలకట్టు ఉండదు కనుక వీటిని వేరుగా సాధన చేయండి. తలకట్టున్న అక్షరాల పక్కన ఇవి పొట్టిగా కనిపించకుండా ఒళ్లు కొంచెం పెంచవలసి వస్తుంది. ‘మ’ను, కొమ్ము ఉన్న ‘వు’ను పక్కపక్కన రాసి, దూరం నుంచి ఎవరిచేతనైనా చదివించండి. వారు తడబడితే తప్పు చదివినవారిది కాదు.

మొదటి పని

సాధన పుటలు దాటి మొదటగా రాయడానికి ఇంట్లోవారి పేరు ఒకటి తీసుకోండి. ఒకే మాట కాబట్టి ప్రతి గీతకూ మనసు పెట్టవచ్చు, ప్రేమ ఉన్న పేరు కాబట్టి పదిసార్లు తిరగరాయడానికి విసుగు రాదు. ముందు జంట పెన్సిలుతో చిన్న కాగితాల మీద నాలుగైదు రకాలుగా రాసి, ఒత్తు ఎక్కడికి దిగుతుంది, దీర్ఘం ఎంతవరకు సాగుతుంది అన్నది చూసుకోండి. నచ్చినదానిని ఎంచుకొని, మాట పొడవును కొలిచి, మంచి కాగితం మీద మధ్య గీతకు అటూ ఇటూ సమంగా పడేలా లేత పెన్సిలుతో గీతలు గీయండి. గట్టి పెన్సిలు, అంటే 2హెచ్ వంటిది, తేలికగా పట్టుకొని గీస్తే తర్వాత చెరపడం సులువు. చేయి కింద ఒక విడి కాగితం పెట్టుకోండి, అరచేతి జిడ్డు తగిలిన చోట సిరా సరిగ్గా పట్టదు. పక్కనున్న చిత్తు కాగితం మీద అదే పేరు రెండుసార్లు రాసి, సిరా సాఫీగా దిగుతోందని నిర్ధారించుకున్నాక అసలు కాగితం మీదికి రండి.

రాయడం అయిన వెంటనే గీతలు చెరపకండి. పైకి ఆరినట్లు కనిపించినా లావు గీతల చివర సిరా గుమిగూడిన చోట తడి మిగిలి ఉంటుంది. రబ్బరు తగిలితే ఆ ఒక్క చోటి నుంచే నల్లటి చార సాగుతుంది. మర్నాటి దాకా దుమ్ము పడని చోట ఉంచి, అప్పుడు మెత్తని రబ్బరుతో అక్షరం వైపు నుంచి బయటికి, ఒకే దిశలో చెరపండి. చెరిపిన పొడిని చేత్తో తుడవక మెత్తని పొడి కుంచెతో దులిపి, కాగితం వెనుక తేదీ, పాళీ కొలత రాసిపెట్టండి.